మన నోటి మాటలు – వాటి అర్థములు
(శతజయంతి సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి సభలలో మన దేవాలయముల గురించి, పాఠశాలల గురించి, ఆసుపత్రుల గురించి పెద్దలు ప్రసంగిస్తున్నారు. నాకు అప్పగించిన విషయం వాటితో పోల్చితే చిన్నది. మనం ఇంట్లోనూ, గుడిలోనూ నిత్యం పలికే కొన్ని మాటలు ఎక్కడివి, ఏ భాషలో వాటికి ఏమి అర్థమున్నది, తెలుగులోకి వచ్చి అవి ఏమైనవి అన్నదే నా విషయం. నూరేండ్లుగా ఈ మాటలతోనే మనం ప్రార్థించాము, బిడ్డలకు పేర్లు పెట్టుకున్నాము, పెద్దలను మట్టికి అప్పగించాము. కనుక కొంతసేపు వాటిని తిరగవేసి చూడడం వ్యర్థం కాదని నా నమ్మకం.

మొదట అందరికీ తెలిసిన మాటలతో ఆరంభిస్తాను. అల్మార, బొత్తాము, మేస్త్రి, పాదిరి – ఈ నాలుగూ పోర్చుగీసు వారి మాటలు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాత వారి ఓడలతోపాటు వారి మాటలు కూడ మన తీరములలో దిగినవి. 'పాద్రె' అంటే వారి భాషలో తండ్రి. మన ఊళ్ళలో క్రైస్తవులు కానివారు కూడ గురువును "పాదిరి గారు" అన్నప్పుడు, తమకు తెలియకుండానే "తండ్రి గారు" అంటున్నారన్నమాట. ఇక 'మేస్త్రి' సంగతి మరీ చిత్రమైనది. 'మెస్త్రె' అంటే పోర్చుగీసులో గురువు, బోధకుడు. పోర్చుగీసు బైబిలులో శిష్యులు యేసు ప్రభువును పిలిచే పిలుపు అదే. మన దగ్గరకు వచ్చేసరికి ఆ మాట తాపీ మేస్త్రి అయినది, కుట్టు మేస్త్రి అయినది. ఇందులో చిన్నబుచ్చుకోవలసినది ఏమీ లేదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో నజరేతు వారు ప్రభువును ఏ వృత్తివాడని చెప్పుకున్నారో, ఆ గ్రీకు మాట 'తెక్తోన్' వడ్రంగికీ, ఇల్లు కట్టే పనివానికీ కూడ చెల్లుతుంది. బోధకుడనే అర్థంలోనూ, పనివాడనే అర్థంలోనూ మన మేస్త్రి ఆయనకు తగిన మాటే.

మనం కూర్చునే కుర్చీ అరబ్బీ మాట. అరబ్బీలో 'కుర్సీ'. దాని బంధువు అరామిక్ భాషలో దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలో ఉన్నది, హెబ్రీలో 'కిస్సే' రూపంలో ఉన్నది. అక్కడ దాని అర్థం సింహాసనం. దావీదు సింహాసనమూ, మన పంచాయతీ ఆఫీసులోని కుర్చీ ఒకే ఇంటి పేరు గలవి. మొదటి రాజుల గ్రంథం 10వ అధ్యాయంలో సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్ళకు హెబ్రీలో 'తుక్కీ' అనే మాట వాడబడినది. ఇది తమిళ 'తోకై'తో సంబంధం గల మాట అని కాల్డ్వెల్ మొదలైన పండితుల అభిప్రాయం. ఆ తోకైకి తోబుట్టువు మన తెలుగు 'తోక'. దక్షిణ దేశపు మాట ఒకటి యెరూషలేము రాజనగరులో వినబడినదన్నమాట.

ఇక ప్రార్థన చివర మనమందరం పలికే మాట – ఆమెన్. దీనికి మనం "అలాగే జరుగును గాక" అని అర్థం చెప్పుకుంటాము. అది సరైనదే, కాని సగము మాత్రమే. హెబ్రీలో దాని ధాతువుకు స్థిరంగా ఉండడం, నమ్మదగి ఉండడం అని అర్థం. ఆ ధాతువు నుండి పుట్టిన 'ఓమేన్' అనే మాటను సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో మోషే వాడతాడు. పాలు త్రాగే బిడ్డను రొమ్మున ఎత్తుకొని మోసే పెంపుడు తండ్రి అని అక్కడ అర్థం. ఎత్తుకున్నవాని చెయ్యి జారదు అన్న నమ్మకమే ఆమెన్.

ఇదే ధాతువు అరబ్బీలోనూ ఉన్నది. అక్కడి నుండి పారశీకం, ఉర్దూల మీదుగా మన కచేరీలలోకి వచ్చినది. విశ్వాసమునకు 'ఈమాన్', నమ్మి దాచిపెట్టిన సొమ్ముకు 'అమానతు', నమ్మదగిన ఉద్యోగికి 'అమీన్'. కోర్టు నుండి జప్తు కాగితం పట్టుకొని వచ్చే అమీనాను చూచి మన పెద్దలు ఎంతగా జంకేవారో మీకు తెలుసు. ఆ అమీనా మన ఆమెన్‌కు దాయాది. తెలంగాణలో మాట తప్పినవానిని "బేమాన్" అంటారు. అందులోనూ అదే ధాతువు. కనుక గుడిలో గట్టిగా ఆమెన్ అని, బజారులో మాట తప్పినవాడు ఒకే మాటను ఉదయం పలికి సాయంకాలం కాదన్నవాడు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన మాటలలో మొదటిది – సమాధానము. మన పిల్లలకు ఈ మాట ఎక్కడ ఎదురవుతున్నది? పరీక్ష కాగితంలో. ప్రశ్నలకు సమాధానములు వ్రాయమంటారు. ఆ పిల్లలే ఆదివారం గుడికి వచ్చి, దేవుని సమాధానం మీకు కలుగును గాక అని గురువుగారు ఆశీర్వదిస్తే, దేవుడు ఏ ప్రశ్నకు జవాబు ఇస్తున్నాడా అని అనుకుంటే తప్పు వారిది కాదు. అందుకే 'శాంతి' అంటే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే సమాధానం అనే మాటను తీసివేసే ముందు అందులో ఏమున్నదో చూద్దాము.

హెబ్రీలో 'షాలోమ్' అంటే కేవలం గొడవ లేకపోవడం కాదు. విరగక, లోటు లేక, నిండుగా ఉండడం. ఆదికాండము 37వ అధ్యాయంలో యాకోబు యోసేపును పంపి, అన్నల షాలోమ్‌నూ, మందల షాలోమ్‌నూ చూచి రమ్మంటాడు. గొఱ్ఱెలకు శాంతి ఏమిటి? మేత దొరికినదా, రోగం లేకుండా ఉన్నవా అని. రెండవ సమూయేలు 11వ అధ్యాయంలో దావీదు ఊరియాను యుద్ధపు షాలోమ్ గురించి అడుగుతాడు. యుద్ధమునకు శాంతి ఏమిటి? ఎలా సాగుతున్నది అని. అంటే మనం ఉత్తరాలలో వ్రాసుకునే క్షేమ సమాచారమే షాలోమ్. ఒక ఇంటికి వెళ్ళి "అంతా బాగున్నారా? పాడి, పంట బాగున్నవా?" అని అడిగే మన పల్లెటూరి పలకరింపు దానికి చాలా దగ్గర.

సంస్కృతంలో 'సమాధానము' అంటే చెదిరిన వాటిని ఒకచోట చేర్చి పెట్టడం. ఆక్షేపణను తీర్చి సందేహమును సర్దుబాటు చేయడం కూడ సమాధానమే గనుక, జవాబు అన్న అర్థం వచ్చినది. మన 'సమాధి' అనే మాట కూడ ఆ ధాతువు నుండే పుట్టినది. చెదరినది కూడడం, విరిగినది అతకడం – షాలోమ్‌కు ఇంతకంటె దగ్గరి మాట దొరకడం కష్టం. పునరుత్థానుడైన ప్రభువు తలుపులు మూసుకొని భయపడుతున్న శిష్యుల మధ్యకు వచ్చి పలికినది ఆ దేశపు సాధారణమైన పలకరింపే. కాని ఆ గదిలో ఎవరున్నారు? ఆయనను ఎరుగనన్నవాడు ఉన్నాడు, ఆయనను విడిచి పారిపోయినవారు ఉన్నారు. వారికి అది క్షేమమా అన్న పలకరింపూ అయినది, తెగినదాన్ని అతికిన రాజీ కూడ అయినది. 'శాంతి' అన్న మాటలో ఈ రాజీ వినబడదు. భార్యాభర్తలు పోట్లాడుకొని మళ్ళీ కలిస్తే "సమాధానపడ్డారు" అంటాము గాని "శాంతిపడ్డారు" అనము గదా.

కనుక నా మనవి ఇది. మాటను పారవేయవద్దు, పిల్లలకు విప్పి చెప్పండి. మన కొరకు ఈ మాటలను వెదికినవారు తేలికగా వెదకలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ గార్లు ఆనందరాయరు గారి సహాయంతో తెలుగు నేర్చి అనువాదమునకు పూనుకున్నారు. క్రాన్ గారు 1809లోనూ, డెస్ గ్రాంజెస్ గారు 1810లోనూ మరణించారు. వారి పని అయిన మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. అచ్చయిన పుస్తకమును ఆ ఇద్దరిలో ఒక్కరూ కండ్లతో చూడలేదు. తెలుగులో సంపూర్ణ బైబిలు 1854లో గాని రాలేదు.

రెండవ మాట – పాపము. మన తెలుగులో దీనికి రెండు నాలుకలు. బోధలో పాపము అంటే దోషం. వీధిలో "అయ్యో, పాపం!" అంటే జాలి. ఒకే మాట తప్పును సూచిస్తుంది, తప్పులో పడినవాని మీద కనికరమునూ సూచిస్తుంది. హెబ్రీలో ఈ మాటకు మూలమైన క్రియకు గురి తప్పడం అని అర్థం. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో 700 మంది ఎడమచేతివాటం గల బెన్యామీనీయులు వెంట్రుకకు గురిపెట్టి రాయి విసిరినా తప్పరని చెప్పినచోట ఆ క్రియే ఉన్నది. గ్రీకు మాట 'హమార్తియ' కూడ ఆ భావమే గలది. గురి తప్పినవానిని మనం ఏమి చేస్తాము? మళ్ళీ గురి చూడడం నేర్పుతాము. మన సంఘాలలో ఎవరైనా తప్పిపోతే మొదటి పాపము, అంటే దోషం, వెంటనే నోటికి వస్తుంది. రెండవ "పాపం" కూడ మన భాషే మనకిచ్చినదని మరచిపోతాము.

దీనికి జతగా 'మారుమనస్సు' ఉన్నది. గ్రీకులో 'మెతానోయియ' అంటే మనస్సు మారడమే. మన అనువాదకులు దాన్ని అచ్చంగా తెచ్చారు. 'పశ్చాత్తాపము' అనే సంస్కృత పదం వేరు. అది జరిగిపోయిన తరువాత కలిగే మంట. మంట ఉన్నా మనిషి ఉన్నచోటనే ఉండవచ్చు. హెబ్రీ ప్రవక్తలు వాడిన మాట 'షూవ్' – వెనుకకు తిరగడం, ఇంటికి తిరిగి రావడం. అది దారికి సంబంధించిన మాట. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర ఏడ్చి ఊరుకుంటే అది పశ్చాత్తాపం. లేచి ఇంటి దారి పట్టినాడు గనుక మారుమనస్సు.

మూడవ మాట – తలాంతు. పాటలు పాడేవారిని, వాద్యాలు వాయించేవారిని చూచి తలాంతు గలవారంటాము. మిగిలినవారు "మాకే తలాంతూ లేదు" అని వెనుక బల్లలో కూర్చుంటారు. గ్రీకు 'తలాంతోన్' ఒక తూకం, ఆ తూకపు వెండి. నేర్పు, ప్రతిభ అన్న అర్థం మత్తయి 25వ అధ్యాయంలోని ఉపమానం నుండి తరువాత పుట్టినదే. ఒక తలాంతు విలువ 6000 దేనారములు. ఒక దేనారము కూలివాని ఒకరోజు కూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకున్నా ఒక్క తలాంతు 20 సంవత్సరాల కూలి! ఆ ఉపమానంలో ఒక్కటే పొందినవాడు కొంచెం పొందినవాడు కాడు. ఒక కూలివాడు సగం బ్రతుకు కష్టపడితే వచ్చే సొమ్మును మట్టిలో పాతిపెట్టినవాడు. వెనుక బల్లలో కూర్చున్న సోదరులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

నాలుగవది చాలా చిన్న మాట, కాని మన భాషకు దేవుడిచ్చిన వరం. మేము, మనము అని తెలుగులో రెండున్నవి. ఎదుటివానిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. తమిళ, మలయాళాలలో కూడ ఈ భేదం ఉన్నది. హెబ్రీలో లేదు, గ్రీకులో లేదు, ఇంగ్లీషులో లేదు. అందుచేత మూలంలో ఒకే మాట ఉన్న ప్రతిచోట మన అనువాదకులు ఆగి ఆలోచించవలసి వచ్చినది. మార్కు 4వ అధ్యాయంలో తుపానులో శిష్యులు ప్రభువును లేపి, నశించిపోతున్నామని మొరపెట్టినప్పుడు, నశించేది మేమా, మనమా? ఆయన కూడ అదే దోనెలో ఉన్నాడు. మన బైబిలులో 'మేము' అని ఉన్నది. భయంలో ఉన్నవాడు దేవుడు తన దోనెలోనే ఉన్నాడన్న సంగతి మరచి మాట్లాడతాడు. ఆ చిన్న మాట అది కూడ చెబుతున్నదనిపిస్తుంది.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవునితో మాట్లాడుతున్నాము గనుక 'మా' తండ్రి అంటాము. పక్కనున్నవానితో అదే విషయం చెప్పవలసివస్తే 'మన' తండ్రి అనాలి. కాని సంఘ కార్యములలో మనం ఏమంటున్నాము? కొత్తగా వచ్చిన కుటుంబమునకు "ఇది మా గుడి, మా తాతలు కట్టినది" అని చెబుతున్నామా, "ఇది మన గుడి" అంటున్నామా? ఒక్క అక్షరం తేడాతో తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది కూడ.

చివరి మాట అన్నిటికంటె బరువైనది. గ్రీకులో పురుషుని గురించి చెప్పడానికి సర్వనామం ఒకటే. రాజుకూ అదే, భిక్షకునికీ అదే. తెలుగులో వాడు, అతడు, ఆయన, వారు అని మెట్లున్నవి. తెలుగులో ఏదో ఒక మెట్టు ఎన్నుకోకుండా వాక్యం ముగియదు. యోహాను సువార్త 3వ అధ్యాయంలో యూదుల అధికారి నీకొదేము 'అతడు'. 9వ అధ్యాయంలో భిక్షమెత్తుకునే పుట్టు గ్రుడ్డివాడు 'వాడు'. ప్రభువు 'ఆయన'. మూలంలో ఈ ముగ్గురికీ ఒకే మాట. అనువాదకులను నిందించడం నా ఉద్దేశం కాదు. ఆనాటి గ్రంథభాషలో 'వాడు' అనేది సామాన్యంగా వాడే మాటే, అందులో తప్పనిసరిగా తిరస్కారం లేదు. అయినా నీకొదేమునకు ఒకటి, గ్రుడ్డివానికి ఒకటి ఎందుకు వచ్చినది? మన సమాజపు మెట్లు మన వ్యాకరణంలో ఉన్నవి గనుక.

ఆ మెట్లలో అడుగున నిలిచినవారు ఎవరో ఈ సభలోనివారికి వేరే చెప్పనక్కరలేదు. మన తాత ముత్తాతలలో ఎందరో తల నెరిసిన తరువాత కూడ పెద్ద ఇండ్ల పిల్లల చేత "ఒరే" అని పిలిపించుకున్నవారే. వారి భార్యలను "అది" అన్నారు. తెలుగులో స్త్రీకీ, బండికీ, ఎద్దుకూ "వచ్చింది" అనే క్రియ ఒకటే. కనీసం 'ఆమె' అన్న మాట కూడ వారికి దక్కలేదు. అట్టివారిని ప్రభువు బల్ల దగ్గర వరుసలో నిలిపి, సంఘపు పుస్తకంలో పేరు వ్రాసి, పేరు చివర 'గారు' చేర్చి పిలవడం సామాన్యమైన సంగతి కాదు. లూకా 13వ అధ్యాయంలో 18 ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు సమాజమందిరంలో అందరి ఎదుట అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఆమె నడుమును నిలబెట్టిన రోజే ఆమెను ఏమని పిలవాలో కూడ ఆయన నేర్పినాడు.

ఇప్పుడు మనలో చదువుకున్నవారు ఉన్నారు, ఉద్యోగస్థులు ఉన్నారు. మనకు అందరూ గారు అంటున్నారు. మరి మన గుడి ఊడ్చే ఆమెను మనం ఏమంటున్నాము? సమాధుల తోటలో గోతులు త్రవ్వే పెద్దాయనను మన పిల్లలు ఎలా పిలుస్తున్నారు? మనకు జరిగిన అవమానమును మన నోటితో మరొకరికి అప్పగిస్తే, ఈ నూరేండ్లలో మనం ఏమి నేర్చుకున్నట్లు? నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరకే అనలేదు.

ఈ శతజయంతి సందర్భంగా మూడు మనవులు చేసి విరమిస్తాను. ఒకటి, ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు అయిదు నిమిషాలు, వాక్యంలోని ఒక్క మాటకు పిల్లలకు అర్థం చెప్పే ఏర్పాటు ప్రతి సంఘంలోనూ చేయండి. ఇందుకు ఖర్చు లేదు. రెండు, పట్టణాలలోనూ, పరదేశాలలోనూ పెరుగుతున్న మనుమలతో తాతలు, అవ్వలు ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక తెలుగు మాటను, దాని అర్థంతో సహా, కానుకగా ఇవ్వండి. వారు ఇంగ్లీషులో ప్రార్థించినా సరే, తమ పెద్దలు ఏ మాటతో దేవుని పిలిచారో వారికి తెలియాలి. మూడు, మన ఆవరణలో పని చేసేవారెవరినీ ఇకమీదట "వాడు", "అది" అనకుండా, పేరు పెట్టి 'గారు' చేర్చి పిలుస్తామని ప్రతి సంఘ కమిటీ తన మొదటి సమావేశంలోనే తీర్మానం చేయండి. తీర్మానం పుస్తకంలో వ్రాసి ఊరుకోకుండా, ఆ సాయంకాలమే కమిటీ సభ్యులు వెళ్ళి వారిని అలా పిలిచి, వారి క్షేమ సమాచారములు అడిగి రండి.

 దేవుని సమాధానము మనకందరికీ కలుగును గాక. ఆమెన్.